బ్లాక్ పౌడర్ రివాల్వర్‌కి ఫ్లాస్క్ ఎంచుకోవడం: ముందు గొట్టం, తర్వాతే బుడ్డి

క్యాప్ అండ్ బాల్ రివాల్వర్ అంటే తూటాలు కాకుండా, తిరిగే సిలిండర్‌లోని ఒక్కో చాంబర్‌లో విడిగా బ్లాక్ పౌడర్ అనే పాతకాలపు తుపాకి మందు పోసి, గుండు దించి, వెనక చిన్న పేలుడు క్యాప్ తొడిగి కాల్చేది. అది ఇంటికి రాగానే చాలామంది చేసే పని, దానికి జోడీగా మందు పోసుకునే ఒక అందమైన ఇత్తడి ఫ్లాస్క్ కొనేయడం. పొట్ట మీద గద్ద, జెండాలు, అడ్డంగా పెట్టిన పిస్తోళ్లు చూసి మురిసిపోతాం. నేనూ మొదటిది అలాగే కొన్నాను. నాది .36 క్యాలిబర్ (సుమారుగా నళిక లోపలి వ్యాసం, అంగుళాల్లో) నేవీ రకం. ఫ్లాస్క్‌కి ఉన్నది 30 గ్రెయిన్ల గొట్టం (గ్రెయిన్ అంటే మందు తూచే చిన్న కొలత). మందు పోసి గుండు దిగగొడితే అది చాంబర్ అంచు దాటి బయటికి పొడుచుకొచ్చింది. సిలిండర్ తిరగలేదు. తప్పు ఫ్లాస్క్‌ది కాదు, నాది. దానికున్న గొట్టం ఎంత మందు కొలుస్తుందో అడగకుండానే బొమ్మ చూసి కొన్నాను.

అప్పటినుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. ఫ్లాస్క్ అంటే మందు దాచుకునే సీసా కాదు, మందు కొలిచే పరికరం. కొలిచేది దాని ముక్కు, అంటే స్పౌట్ అనే ఆ సన్నటి గొట్టం. కాబట్టి ముందు గొట్టం ఎంచుకోవాలి, తర్వాత మీట, ఆ తర్వాతే బుడ్డి. ఈ వ్యాసమూ అదే వరసలో నడుస్తుంది.

ఒక చిన్న మాట. తెలుగులో నల్లమందు అంటే పూర్తిగా వేరే సరుకు గనక, ఇక్కడ బ్లాక్ పౌడర్‌ని బ్లాక్ పౌడర్ అనో, ఉట్టి మందు అనో అంటాను. ఇలాంటి రివాల్వర్లు, మందు ఉంచుకోవడానికి ఒక్కో దేశంలో ఒక్కో చట్టం ఉంది. కొన్నిచోట్ల రివాల్వర్‌కి అక్కర్లేని అనుమతి మందుకి కావాల్సి వస్తుంది. ఆ సంగతి తేల్చుకున్నాకే మిగతాది.

ఫ్లాస్క్ ఎలా పనిచేస్తుంది

ఫ్లాస్క్‌లో భాగాలు నాలుగే. మందు పట్టే బుడ్డి, దాని మెడ మీద బిగించే తల, తలలో మీట నొక్కితే తెరుచుకునే పల్చటి రేకు గేటు, ఆ గేటు మీద మరతో బిగించే గొట్టం. గొట్టం మూతిని వేలితో మూసి, ఫ్లాస్క్‌ని తలకిందులు చేసి, మీట నొక్కితే బుడ్డిలోని మందు గొట్టంలోకి దిగి నిండుతుంది. మీట వదిలితే స్ప్రింగు గేటుని మూసేస్తుంది. ఇప్పుడు ఫ్లాస్క్‌ని మళ్లీ నిలబెడితే, గేటుకీ గొట్టం మూతికీ మధ్య తలకొట్టి కొలిచినట్టు ఒక విడత మందు మిగులుతుంది. వేలు తీసి దాన్ని వంచి పోసుకోవడమే.

అంటే కొలత అంతా ఘనపరిమాణంతోనే జరుగుతోంది, బరువుతో కాదు. గొట్టం మీద 30 అని ఉంటే అది 30 గ్రెయిన్ల బ్లాక్ పౌడర్ పట్టేంత చోటు అని అర్థం. గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు. గ్రాముకి 15.43 గ్రెయిన్లు, పౌండుకి 7,000. బ్లాక్ పౌడర్ సాంద్రత దాదాపు నీటితో సమానం కాబట్టి ఒక లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు: ఒక మిల్లీలీటరు చోటుకి సుమారు 15 గ్రెయిన్లు, 30 గ్రెయిన్ల గొట్టానికి సుమారు రెండు మిల్లీలీటర్లు. ఇది ముందుముందు చాలా పనికొస్తుంది.

మొదటి అడుగు: మీ రివాల్వర్ ఎంత మందు అడుగుతుంది

ఇది తేలకుండా ఏ ఫ్లాస్కూ కొనకండి. రివాల్వర్‌తో వచ్చిన పుస్తకంలో తయారీదారు ఇచ్చిన కనిష్ఠ, గరిష్ఠ మోతాదులే అసలు ప్రమాణం. స్థూలంగా ఒక అందాజు కోసం చెబుతున్నాను. కోల్ట్ కంపెనీ 1849 పాకెట్ లాంటి .31 క్యాలిబర్ చిన్న రివాల్వర్లు 10 నుంచి 15 గ్రెయిన్ల దగ్గర ఆగుతాయి. .36 నేవీ 15 నుంచి 25 మధ్య. 1860 ఆర్మీ, రెమింగ్టన్ న్యూ మోడల్ ఆర్మీ వంటి .44లు 22 నుంచి 35 మధ్య. రూగర్ ఓల్డ్ ఆర్మీ 40 దాకా పడుతుంది. 1847 నాటి వాకర్ మాత్రం వేరే జాతి, దాని చాంబర్ 60 గ్రెయిన్ల దాకా మింగుతుంది.

గరిష్ఠం ఉంది కదా అని అంత పోయాల్సిన పని లేదు. కాగితం మీద చిల్లులు దగ్గరదగ్గరగా పడేది ఎక్కువసార్లు మధ్యస్థం కంటే తక్కువ మోతాదుతోనే. .36కి 18 నుంచి 22, .44కి 22 నుంచి 28 దగ్గర మొదలుపెట్టడం నా పద్ధతి. ఇత్తడి ఫ్రేమ్ ఉన్న నకలు రివాల్వర్ అయితే ఇంకా తగ్గించండి. ఇత్తడి మెత్తటిది, భారీ మోతాదులు పదేపదే కాలిస్తే సిలిండర్ వెనక ఫ్రేమ్ మీద నొక్కులు పడి, మెల్లగా అంతా వదులవుతుంది.

ఐదు గ్రెయిన్ల తేడా ఏం లెక్క అనుకోకండి. .36 చాంబర్‌లో ఐదు గ్రెయిన్లు అంటే దాదాపు నాలుగున్నర మిల్లీమీటర్ల ఎత్తు. .44లో మూడు పైచిలుకు. గుండు మందుని తాకి, కాస్త అదిమి కూర్చోవాలి. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉండకూడదు. అలాగని గుండు చాంబర్ అంచు దాటి బయటికి రాకూడదు. మందు మరీ తక్కువైతే లోడింగ్ లివర్ (నళిక కింద ఉండే, గుండుని దించే మీట) కొస గుండుని అంత లోతుకి దించలేదు, మధ్యలో గాలి మిగులుతుంది. అప్పుడు గుండు కింద ఫెల్ట్ బిళ్ల వేసి ఆ చోటు నింపాలి. మీరు బిళ్లలు వాడే మనిషి అయితే బిళ్ల మందం కూడా లెక్కలో వేసుకునే గొట్టం సైజు తేల్చుకోవాలి.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. దుకాణాల్లో ఫ్లాస్క్‌లకి నేవీ ఫ్లాస్క్, ఆర్మీ ఫ్లాస్క్, డ్రాగూన్ ఫ్లాస్క్ అని పేర్లు పెడతారు. ఆ పేరు ఆకారానికి, బొమ్మకి సంబంధించింది. దాని గొట్టం మీ రివాల్వర్‌కి సరిపోతుందన్న హామీ కాదు. దానికితోడు ఇవాళ అమ్మే 1851 నేవీ నకళ్లలో .44వి కూడా ఉన్నాయి. అసలు కోల్ట్ 1851 నేవీ .36లోనే వచ్చింది. కాబట్టి నేవీ ఫ్లాస్క్ ఇవ్వండి అని అడగొద్దు, ఇన్ని గ్రెయిన్ల గొట్టం ఉన్న ఫ్లాస్క్ ఇవ్వండి అని అడగండి.

రెండో అడుగు: గొట్టం

మోతాదు తేలిందా, ఇప్పుడు గొట్టం. సాధారణంగా 15, 20, 25, 30, 35, 40 గ్రెయిన్లు అంటూ ఐదేసి తేడాతో దొరుకుతాయి. మీకు కావాల్సింది 22 అయితే? 20తో సరిపెట్టుకోవచ్చు. లేదా 25ది కొని అరగదీసుకోవచ్చు. అరగదీయడం అంటే భయపడక్కర్లేదు, లెక్క తేలిక. గొట్టం లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు అనుకోండి, ఒక్కో మిల్లీమీటరు పొడవు సుమారు 0.75 గ్రెయిన్ పడుతుంది. 25 నుంచి 22కి దిగాలంటే నాలుగు మిల్లీమీటర్లు తగ్గించాలి. మూడు మిల్లీమీటర్లే అరగదీసి, తూకం చూసి, మిగిలింది కొద్దికొద్దిగా తీయండి. తీసింది అతికించలేం కదా. గొట్టాన్ని ఫ్లాస్క్ నుంచి విప్పి, మందు ఆ గదిలోనే లేకుండా చూసుకుని ఆకురాయి పట్టండి. చివర లోపలా బయటా అంచులు నున్నగా చేయడం మరవద్దు. గరుకు అంచు వేలిని కోస్తుంది, మందు రేణువుల్నీ పట్టేస్తుంది.

పెద్ద గొట్టాన్ని సగం నింపి వాడదాం అనే ఆలోచన మాత్రం వద్దు. సగం అనేది ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది.

రెండు మూడు రివాల్వర్లు ఉన్నవాళ్లకి గొట్టం మార్చుకునే వీలున్న ఫ్లాస్క్ మంచిది. ఒకే బుడ్డి, రెండు గొట్టాలు. కాకపోతే మర విషయంలో జాగ్రత్త. ఒక కంపెనీ గొట్టం ఇంకో కంపెనీ తలకి ఎక్కుతుందని అనుకోవద్దు. ఇటలీలో తయారైనవాటి మరలూ అమెరికాలో తయారైనవాటి మరలూ వేరువేరుగా ఉండొచ్చు. బలవంతంగా తిప్పితే ఇత్తడి మర ఇట్టే చెడిపోతుంది. ఫ్లాస్క్ కొన్నచోటే అదనపు గొట్టాలు కూడా కొనడం సుఖం.

గొట్టం బయటి వ్యాసం కూడా చూడాలి. ఒక్కో విడత మందు ముందే పోసి ఉంచుకునే చిన్న ట్యూబు (దాని సంగతి ఆరో అడుగులో) మూతిలో అది దూరాలి, లేదా కనీసం ఒలకకుండా ఆనుకోవాలి. .44 కోసం చేసిన లావుపాటి గొట్టాలు కొన్ని సన్నటి ట్యూబుల్లో దూరవు.

సర్దుబాటు గొట్టాలు, అంటే మూతి తిప్పితే కొలత మారేవి, కూడా ఉన్నాయి. నాకు అవి రివాల్వర్‌కి నచ్చవు. కదిలే భాగం ఉన్నచోట ఏదో ఒకరోజు అది దానంతటదే కదులుతుంది. సరైన మోతాదు ఏదో వెతుక్కునే దశలో ఉన్నవాళ్లకి మాత్రం విడిగా ఒక సర్దుబాటు కొలపాత్ర ఉంటే మేలు. పది రకాల మోతాదులు దానితో ప్రయత్నించి, ఒకటి తేలాక దానికి తగ్గ స్థిరమైన గొట్టం కొనుక్కోవచ్చు.

పాత ఇంగ్లిష్ ఫ్లాస్క్‌లు కొనేవాళ్లకి ఇంకో హెచ్చరిక. గొట్టం మీద రెండుంపావు, రెండున్నర, రెండుంముప్పావు అని అంకెలు కనబడితే అవి డ్రాములు, గ్రెయిన్లు కావు. డ్రాము అంటే 27.34 గ్రెయిన్లు. రెండుంపావు డ్రాములంటే 61 గ్రెయిన్లు దాటుతుంది. అది షాట్‌గన్ కోసం చేసిన ఫ్లాస్క్. గోడకి తగిలిస్తే బాగుంటుంది, రివాల్వర్‌కి పనికిరాదు.

మూడో అడుగు: మీట, గేటు, స్ప్రింగు

ఫ్లాస్క్‌లు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. కొనేముందు ఖాళీ ఫ్లాస్క్‌ని చేతిలోకి తీసుకుని మీట ఇరవైసార్లు నొక్కి వదలండి. ప్రతిసారీ టక్కుమని ఒకేలా మూసుకోవాలి. నెమ్మదిగా వెనక్కి వస్తున్నా, చివర్లో కాస్త ఆగిపోతున్నా దాన్ని పక్కన పెట్టేయండి. తర్వాత గొట్టం విప్పి, గేటు మూసి ఉన్నప్పుడు రంధ్రం పూర్తిగా కప్పుకుంటోందా, వెలుతురు వైపు పెట్టి చూడండి. గోరంత సందు ఉన్నా మందు కారుతుంది.

స్ప్రింగు మరీ గట్టిగా ఉన్నా కష్టమే. ఆరు చాంబర్లకి ఆరుసార్లు, అలా ఐదారు సిలిండర్లకి కలిపి ముప్పై నలభైసార్లు నొక్కాలి. బొటనవేలు అలిసిపోతే ఫ్లాస్క్ వణుకుతుంది, కొలత మారుతుంది. మరీ మెత్తగా ఉంటే గేటు మధ్యలో రేణువు పడ్డప్పుడు దాన్ని తోసుకుని మూసుకునే బలం ఉండదు. ఈ రేణువు ఇరుక్కోవడం అనేది మంచి ఫ్లాస్క్‌లకీ జరుగుతుంది. గేటు పూర్తిగా మూసుకోక, గొట్టంలో మందు పోస్తూంటే వెనకాల బుడ్డి నుంచి కూడా సన్నగా రాలుతూనే ఉంటుంది. మీకు తెలియకుండానే 25 కాస్తా 29 అవుతుంది. మీట శబ్దం మారితే ఆగి చూడటం అలవాటు చేసుకోండి. ఇరుక్కున్నదాన్ని ఉక్కు సూదితో పొడవకండి, వెదురు పుల్ల చాలు.

మీటకి బదులు పై నుంచి నొక్కే పొడవాటి గొట్టంలాంటి ఫ్లాస్క్‌లు కూడా ఉన్నాయి. ఒంటిచేత్తో వాడటానికి వీలుగా ఉంటాయి, జేబులో ఇముడుతాయి. పాత రూపం మీద మోజు లేనివాళ్లు వాటినీ చూడొచ్చు. గొట్టం నియమం వాటికీ అదే.

నాలుగో అడుగు: బుడ్డి

చివరికి మురిపించే భాగానికి వచ్చాం. పరిమాణం లెక్క సులువు. ఒక ఔన్సు అంటే 437.5 గ్రెయిన్లు. 30 గ్రెయిన్ల చొప్పున ఆరు చాంబర్లకి 180. ఐదు సిలిండర్లు కాలిస్తే 900, అంటే రెండు ఔన్సుల పైన కొంచెం. ఒక పూటకి అది దండిగా సరిపోతుంది. కాబట్టి రెండు మూడు ఔన్సులు పట్టే చిన్న పిస్టల్ ఫ్లాస్క్ చాలు. పెద్ద బుడ్డి కొంటే రెండు నష్టాలు. చేతికి బరువు, ఒకేచోట ఎక్కువ మందు. రెండోది ముఖ్యం. ఏదైనా జరగరానిది జరిగితే ఎంత మందు ఉందన్నదే గాయం తీవ్రతను తేలుస్తుంది.

లోహం విషయంలో రాగి, ఇత్తడి రెండూ మంచివే. ఇనుములా నిప్పురవ్వలు రాలవు. రెండింటికీ ఉన్న జబ్బు ఒకటే, తేమ తగిలితే లోపల పచ్చటి చిలుము పడుతుంది. బుడ్డిని రెండు రేకుల్ని అతికించి చేస్తారు గనక అతుకు వెంట గోరు పెట్టి తడమండి. చీకటి గదిలో తల విప్పి లోపలికి చిన్న టార్చి వేస్తే సూదిమొన చిల్లులు కూడా బయటి నుంచి చుక్కల్లా కనిపిస్తాయి. అతుకు ఊడినదాన్ని ఇంట్లో వేడిచేసి అతికించే ప్రయత్నం చేయకండి. మందు ఉన్న బుడ్డిలో రేణువులు మూలల్లో ఎప్పుడూ మిగిలే ఉంటాయి.

మందు నింపేది ఎక్కడ నుంచో కూడా చూడండి. కొన్నింట్లో తల మొత్తం మరతో ఊడుతుంది, చిన్న గరాటు పెట్టి నింపుకోవచ్చు. కొన్నింట్లో తలని చిన్న స్క్రూలతో బిగించేస్తారు, గొట్టం తీసి గేటు తెరిచి పట్టుకుని ఆ రంధ్రంలోంచే పోయాలి. రెండోరకం నింపడం విసుగు.

పాత అసలు ఫ్లాస్క్‌ల మీద మోజున్నవాళ్లకి రెండు మాటలు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో జేమ్స్ డిక్సన్ అండ్ సన్స్, అమెరికాలో అమెరికన్ ఫ్లాస్క్ అండ్ క్యాప్ కంపెనీ పేరున్న తయారీదారులు. కోల్ట్ రివాల్వర్లు పెట్టెతో సహా అమ్మినప్పుడు లోపల రివాల్వర్‌తోపాటు ఫ్లాస్క్, గుండ్ల అచ్చు ఉండేవి. వాటిలో నాకు అన్నిటికంటే ముచ్చటేసేది 1836 తర్వాత న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌లో తయారైన తొలి కోల్ట్‌ల ఫ్లాస్క్. దానికి ఐదు గొట్టాలు వలయంలా ఉంటాయి, ఐదు చాంబర్ల సిలిండర్‌ని విప్పి కింద పెడితే ఒకేసారి ఐదూ నిండుతాయి. ఆలోచన గొప్పదే. కానీ ఇవాళ మార్కెట్లో కోల్ట్ ముద్ర ఉన్న పాత ఫ్లాస్క్‌లలో నకిలీలు కొల్లలు. అసలైనదని రుజువైతే అది అద్దాల బీరువాలో ఉండాల్సిన వస్తువు. కాల్చడానికి కొత్త నకలు కొనుక్కోండి. వంద, నూటయాభై ఏళ్ల స్ప్రింగుని నమ్మడం తెలివైన పని కాదు.

ఐదో అడుగు: కొన్నాక తూకం

గొట్టం మీద రాసిన అంకె ఒక వాగ్దానం మాత్రమే. దాన్ని పరీక్షించాలి. దుకాణంలోనే చేయగల మోటు పరీక్ష ఒకటి. గొట్టం విప్పి, అడుగున టేపు అంటించి, సూది లేని సిరంజితో నీళ్లు పోయండి. 30 గ్రెయిన్లది అయితే సుమారు రెండు మిల్లీలీటర్లు పట్టాలి. ఒకటిన్నర పట్టిందంటే అది నిజానికి 23 దగ్గర ఉందన్నమాట. తర్వాత పూర్తిగా ఆరబెట్టాలి అని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

అసలు పరీక్ష ఇంట్లో, మీరు వాడబోయే మందుతోనే. గ్రెయిన్లలో చూపించే చిన్న డిజిటల్ తూకం కావాలి. పది విడతలు వేసి, ఒక్కోటి విడిగా తూచి రాసుకోండి. సగటు ఎంత, అన్నిటికంటే ఎక్కువకీ తక్కువకీ తేడా ఎంత అన్నవి చూడండి. తేడా రెండు గ్రెయిన్లు దాటుతుంటే చాలాసార్లు తప్పు ఫ్లాస్క్‌ది కాదు, చేతిది. తలకిందులు చేశాక కొందరు ఒకసారి ఊపుతారు, ఒకసారి ఊపరు. ఊపితే రేణువులు సర్దుకుని ఎక్కువ పడతాయి. ఊపడమా, వేలితో రెండుసార్లు తట్టడమా, ఏమీ చేయకపోవడమా, ఏదైనా సరే. ప్రతిసారీ అదే చేయండి. నేను రెండు తట్లు తడతాను. బుడ్డిలో మందు బాగా తగ్గిపోయాక గొట్టం సరిగ్గా నిండదు. అడుగున కొంచెం ఉండగానే మళ్లీ నింపుకోవడం నయం.

మందు రేణువు సైజుని ఎఫ్‌లలో చెబుతారు. రివాల్వర్‌కి మామూలుగా వాడేది 3ఎఫ్ రేణువు. 2ఎఫ్ దానికంటే ముతక. రేణువు సైజు మారినా, బ్రాండు మారినా అదే గొట్టంలో బరువు కొద్దిగా మారుతుంది. కొత్త డబ్బా తెరిచినప్పుడల్లా ఐదు విడతలు తూచి చూడండి.

బ్లాక్ పౌడర్‌కి బదులు ప్రత్యామ్నాయాలు వాడేవాళ్లకి ఇక్కడే గందరగోళం. పైరోడెక్స్ తేలిక. 30 గ్రెయిన్ల గొట్టం నిండా పోసి తూస్తే 21, 22 గ్రెయిన్లే చూపిస్తుంది. తక్కువ వచ్చిందని ఇంకా పోయకూడదు. దాన్ని బ్లాక్ పౌడర్‌తో సమాన ఘనపరిమాణంలో వాడేలాగే తయారుచేశారు. అదే గొట్టం, అదే కొలత. ట్రిపుల్ సెవెన్ అలా కాదు, దాని బలం ఎక్కువ. ఘనపరిమాణంలోనే 15 శాతం తగ్గించాలి. 30కి బదులు 25 గొట్టం. ఇక ఆధునిక తూటాల్లో ఉండే స్మోక్‌లెస్ పౌడర్ అనేది ఈ ఫ్లాస్క్ దరిదాపుల్లోకే రాకూడదు. కొద్దిపాటి స్మోక్‌లెస్ కూడా ఈ రకం రివాల్వర్‌ని చేతిలోనే పేల్చేస్తుంది.

ఆరో అడుగు: కాల్చేచోట ఎలా వాడాలి

సినిమాల్లో చూపించినట్టు ఫ్లాస్క్ మూతిని నేరుగా చాంబర్‌లో పెట్టి మందు పోయకండి. 19వ శతాబ్దంలో అలాగే పోసేవాళ్లు, నిజమే. అయినా వద్దు. కాల్చిన చాంబర్‌లో కనబడని నిప్పుకణిక ఒకటి మిగిలి ఉంటే, కొత్తగా పడ్డ మందు భగ్గుమంటుంది. గొట్టంలో ఉన్న 25 గ్రెయిన్లు మాత్రమే మండితే చెయ్యి కాలుతుంది. మంట గేటు దాటి బుడ్డిలోకి పోతే మీ చేతిలో ఉన్నది ఇక ఫ్లాస్క్ కాదు, బాంబు. ఆ పల్చటి రేకు గేటు మంటని ఆపడానికి చేసింది కాదు. మజిల్ లోడర్ (ముందు వైపు నుంచి మందు, గుండు నింపే పాతరకం తుపాకి) పోటీలు నడిపే అంతర్జాతీయ సంస్థ ఎంఎల్‌ఏఐసీ నిబంధనలు కూడా ఫ్లాస్క్ నుంచి నేరుగా నింపడాన్ని ఒప్పుకోవు. విడతలుగా ముందే కొలిచిన మందే తేవాలి.

కాబట్టి పని రెండు భాగాలు చేసుకోండి. ముందురోజు ఇంట్లో, నిప్పూ సిగరెట్టూ హీటరూ లేని గదిలో, ఫ్లాస్క్‌తో మూతున్న చిన్న ప్లాస్టిక్ ట్యూబులు ముప్పై నింపుకోండి. ఫ్లాస్క్ నింపాక మందు డబ్బా మూత బిగించి వేరేచోట పెట్టేశాకే ట్యూబుల పని మొదలుపెట్టండి. వెలుతురులో ట్యూబులన్నీ వరసగా నిలబెట్టి చూస్తే, ఏదైనా ఒకదానిలో ఎత్తు తేడాగా ఉంటే అక్కడే తెలిసిపోతుంది. నేరుగా చాంబర్‌లో పోస్తే ఈ తనిఖీకి వీలే ఉండదు. నాకు ట్యూబుల పద్ధతి నచ్చడానికి భద్రత ఒక కారణమైతే ఇది రెండో కారణం. రెండుసార్లు పోసిన చాంబర్, అసలు పోయని చాంబర్ అనే సమస్యలు దాదాపు మాయమైపోతాయి.

కాల్చేచోట ఒక ట్యూబు విప్పడం, ఒక చాంబర్‌లో పోయడం, ఖాళీ ట్యూబుని వేరే పెట్టెలో వేయడం, గుండు పెట్టి దించడం. క్యాప్‌లు అన్నిటికంటే చివర, కాల్చే గీత దగ్గర, నళిక లక్ష్యం వైపు ఉండగా మాత్రమే. ఫ్లాస్క్ తప్పనిసరిగా తేవాల్సి వస్తే అది గీతకి దూరంగా, మూసిన పెట్టెలో ఉండాలి. పక్కవాడి రివాల్వర్ నుంచి ఎగిరే క్యాప్ ముక్కలు, నిప్పురవ్వలు ఎటు పడతాయో ఎవరూ చెప్పలేరు.

ఇంత చెప్పాక ఒక ప్రశ్న రావడం సహజం. ట్యూబులే నింపుకోవాలంటే ఫ్లాస్క్ ఎందుకు, ఒక చెంచాలాంటి కొలపాత్ర చాలదా అని. చాలు. నిజంగానే చాలు. కానీ చెంచాతో ముంచాలంటే మందుని వెడల్పాటి గిన్నెలో తెరిచి పెట్టాలి. ఫ్లాస్క్‌లో అయితే ఎప్పుడూ మూసే ఉంటుంది, వేగంగానూ పని అవుతుంది. ముప్పై ట్యూబులు నింపడానికి పది నిమిషాలు పట్టదు.

వాడాక

మిగిలిన మందుని ఫ్లాస్క్‌లో వదిలేయకండి. తిరిగి అది వచ్చిన డబ్బాలోకే పోయండి. పేరు రాసి ఉన్న అసలు డబ్బా ఒక్కటే దానికి ఇల్లు. ఫ్లాస్క్ మీద ఏం మందు ఉందో రాసి ఉండదు. ఆరునెలల తర్వాత లోపల నల్లగా ఏదో ఉంది, అది 3ఎఫ్ఫా, పైరోడెక్సా అని వాసన చూసి తేల్చలేరు. అలా తెలియని మందు దొరికితే వాడకండి. ఒకే గదిలో రెండు రకాల మందు వాడేవాళ్లు రెండు ఫ్లాస్క్‌లు పెట్టుకుని, వాటికి రంగు దారాలు కట్టుకోవడం మంచిది.

ఖాళీ చేశాక తల విప్పి, బుడ్డిని తిరగేసి తట్టి, పొడి గుడ్డతో గొట్టం లోపల తుడిచి, గేటు సందులో పొడి కుంచె తిప్పితే సరిపోతుంది. నూనె లోపల ఎక్కడా వద్దు. నూనె తగిలిన చోట మందు ముద్దకట్టి గొట్టం గోడకి అంటుకుంటుంది, తర్వాతి విడత తక్కువ పడుతుంది. మీట ఇరుసుకి బయట ఒక్క చుక్క వేసి తుడిచేయొచ్చు. గొట్టంలోకి నోటితో ఊదకండి, ఊపిరిలో తేమ ఉంటుంది. ఇత్తడిని తళతళలాడేలా తోమాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేను తోమను.

గొట్టానికి అసలు ఎంత పడుతుందో తూకంలో తేలిన అంకెని, కంపెనీ ముద్ర పక్కనే సన్నటి ఉలిమొనతో గీసుకోండి. నా మొదటి ఫ్లాస్క్ గొట్టం మీద 30 అని ముద్ర ఉంది, దాని పక్కన నేను గీసుకున్నది 21. తొమ్మిది గ్రెయిన్లు ఆకురాయికి పోయాయి.